గోరింక పరాయిదైన దీవిలో

సీషెల్స్ వెళ్ళొచ్చానంటే ఫిలింనగర్‌లో ప్రతి ఒక్కరూ అడిగిన మొదటి మాట "ఏ పాటకి?" అని. మా పరిశ్రమలో దీవి అంటే డ్యూయెట్టే మరి. తెల్లటి ఇసుక, నీలం నీళ్ళు, హీరోయిన్ కొంగు గాలిలో తేలడానికి పక్కన ఒక పెద్ద ఫ్యాను. నేను వెళ్ళింది పాటకి కాదు. అక్కడ ఒక చిన్న దీవి మీద పిట్టల్ని పట్టే ఆవిడ ఉంది, ఆమె గురించి అరగంట డాక్యుమెంటరీ తీయడానికి వెళ్ళాం. ఆ పిట్టలు గోరింకలని చెప్పగానే అడిగినవాళ్ళకి ఉత్సాహం చప్పబడిపోయేది. గోరింకని చూడ్డానికి విమానం ఎక్కాలా, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర తీగల మీద కావలసినన్ని లేవా అని నవ్వేవారు. నిలబడి చెప్పే కథ కాదు గనక తీరిగ్గా రాస్తున్నాను.

నా పేరు ప్రసన్న. సినిమాలకి సౌండ్ చేస్తాను. షూటింగులో మైకు పట్టడం, తర్వాత స్టూడియోలో కూర్చుని అడుగుల చప్పుడు, తలుపు కిర్రు, తెల్లవారుజాము పిట్టల కూతలు బొమ్మకి అతికించడం నా పని. మావాళ్ళది తెనాలి దగ్గర. నేను మాత్రం చాలాకాలంగా కృష్ణానగర్ మనిషినే. నాతో వచ్చిన కెమెరామన్ యాదగిరన్నది సిద్దిపేట వైపు, ఇప్పుడు మా వెనక సందులో ఉంటాడు. జూబ్లీహిల్స్ కంపెనీ ఒకటి ఈ పని మా ఇద్దరికీ అప్పజెప్పింది. దర్శకుడూ ఆయనే. ఆయనకి ఇంగ్లీషు అర్థమవుతుంది, మాట్లాడాలంటే మొహమాటం. కాబట్టి మైకుతో పాటు మాట కూడా నా వంతే అయింది.

విక్టోరియా బజారులో

రాజధాని ఊరు మన అమీర్‌పేట అంత కూడా ఉండదు. నడిబొడ్డున ఒక బుల్లి గడియార స్తంభం. దాన్ని వాళ్ళు ఎంత గర్వంగా చూపించారంటే, యాదగిరన్న చార్మినార్ సంగతి ఎత్తకుండా నోరు కట్టుకున్నాడు. అక్కడ దుకాణంలోకి అడుగుపెట్టినా, బస్సెక్కినా, ముందు "బోంజూర్" అనాలి. అనకుండా ధర అడిగితే ముఖం తిప్పుకుంటారు. నేను మన అలవాటు ప్రకారం బొప్పాయి చూపించి "ఎంత?" అన్నాను. అమ్మే ఆవిడ నాకు పలకరించడం నేర్పి, నాతో రెండుసార్లు అనిపించి, ఆ తర్వాత ధర చెప్పింది. అక్కడి డబ్బు పేరు కూడా రూపాయే. పేరొక్కటే పోలిక. ఒక కొబ్బరి బొండం తాగాక లెక్క వేసుకుంటే, ఆ డబ్బుతో కృష్ణానగర్‌లో ఇద్దరం కడుపు నిండా బిర్యానీ తినొచ్చు. ఆ తర్వాత యాదగిరన్న బొండాల వైపు చూడడం మానేశాడు.

చేపల బజారులో బల్లల మీద కొంగలు తిరుగుతున్నాయి. మన దగ్గర మాంసం కొట్టు ముందు పిల్లులు కాచుకున్నట్టే, పేగుల కోసం అంత ధీమాగా కాచుకుని ఉన్నాయి. ఎవరూ తోలరు. భోజనానికి కూర్చున్న చోట అన్నం, పప్పు, కొబ్బరిపాలు పోసి వండిన చేప, పక్కన పచ్చి బొప్పాయి తురుము. ఆ తురుముని వాళ్ళు "సటిని" అన్నారు. మన చట్నీయే! ఎప్పుడో దక్షిణాది నుంచి వెళ్ళిన కూలీలు, వర్తకులు మాటనీ రుచినీ అక్కడ వదిలేశారు. సీమపనసకాయ వేపుడు పెట్టి, ఇది తిన్నవాళ్ళు తప్పకుండా మళ్ళీ ఇక్కడికి వస్తారని చెప్పారు. యాదగిరన్న రెండోసారి వడ్డించుకున్నాడు.

భోజనం చేస్తుండగానే చెవికి తెలిసిన గొంతు వినిపించింది. బజారు రేకుల మీద రెండు గోరింకలు, పసుప్పచ్చ ముక్కులు, పసుప్పచ్చ కాళ్ళు, మెడలు ఊపుకుంటూ పోట్లాడుకుంటున్నాయి. పరాయి దేశంలో ఊరివాళ్ళు కనబడ్డట్టు నాకు ప్రాణం లేచొచ్చింది. వడ్డించే ఆవిడకి చూపించి, ఇవి మా ఊళ్ళోనూ ఉంటాయి అన్నాను. ఆమె వాటి వైపు చూసి, "మార్టెన్" అని పేరు చెప్పి, మన దగ్గర ఎలుక పేరు చెప్పినప్పుడు ముడిచినట్టు మూతి ముడిచింది.

చింతగింజలు

మేం వెళ్ళాల్సిన దీవి అక్కడి నుంచి ఇంకా దూరం. దాని పేరు రాయొద్దని అక్కడివాళ్ళు అడిగారు కాబట్టి రాయడం లేదు. ఒక చివర నిలబడితే చెట్ల మధ్య నుంచి రెండో చివర సముద్రం చప్పుడు వినిపించేంత చిన్నది.

పడవ దిగగానే మమ్మల్ని కిటికీలు లేని ఒక గదిలోకి పంపి తలుపు వేశారు. అన్ని సంచులూ విప్పి బల్ల మీద పరచమన్నారు. గింజ గానీ, చీమ గానీ, బల్లి గానీ, ఎలుక గానీ సామాన్లలో దాక్కుని దీవి మీదికి రాకుండా ప్రతి కొత్తవాడికీ ఇదే మర్యాద. అప్పుడు లోపలికొచ్చింది మారీ ఆంజ్, మేం ఎవరి కోసం వెళ్ళామో ఆవిడ. యాభై దాటిన మనిషి, పొట్టిగా, బలంగా ఉంది. నెరిసిన జుట్టుని గట్టిగా జడ వేసుకుని, మగవాళ్ళ చొక్కా తొడుక్కుంది. నా మైకుకి తొడిగే బొచ్చు తొడుగుని అటూ ఇటూ తిప్పి, ఇది ఏ జంతువు చర్మం అని అడిగింది. నైలాన్ అని నమ్మించడానికి కాసేపు పట్టింది.

యాదగిరన్న సంచిలోంచి ఆయన భార్య కట్టించిన సకినాలు, కారప్పొడి, గుప్పెడు చింతపండు బయటపడ్డాయి. మారీ ఆంజ్ సకినం కొరికి చూసి బాగుందని తలూపింది. చింతపండు దగ్గర ఆగింది. అందులో గింజలున్నాయి. పారేయాలి అంది. యాదగిరన్న ముఖం చూసిందో ఏమో, ఒక పళ్ళెం తెచ్చి మా ఎదురుగా కూర్చుంది. ముగ్గురం కలిసి ఒక్కొక్క గింజా ఏరాం. ఇంత జాగ్రత్త ఎందుకని అడిగితే, వేళ్ళు ఆపకుండానే చెప్పింది:

"ఒకప్పుడు ఎవరో ఈ గది లేకుండానే దిగారు. వాళ్ళు తెచ్చినదాన్ని నేనింకా ఏరుతున్నాను."

పెద్దావిడని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. అలవాటుగా "అక్కా" అన్నాను. అర్థం అడిగింది, చెప్పాను. అప్పటి నుంచి దీవి మీద ఉన్న నలుగురు పనివాళ్ళూ ఆమెని అక్కా అనడం మొదలుపెట్టారు. ఆమెకది నచ్చింది.

మిస్యే

మారీ అక్క ఆ దీవి మీదే పుట్టింది. వాళ్ళ నాన్న కొబ్బరి తోటలో కూలీ. తోటల్లో పురుగుల్ని తింటాయని అంతకు చాలా ముందే దొరలు గోరింకల్ని ఆ దీవులకి తెచ్చారట. అవి పురుగుల్ని తిన్నాయి, వాటితో పాటు గుడ్లనీ పిల్లల్నీ తిన్నాయి. అక్కడ తెల్లటి సముద్రపు పిట్ట ఒకటుంది. గూడు కట్టదు. కొమ్మ మీద చిన్న పల్లం చూసుకుని అందులో ఒకే ఒక గుడ్డు పెడుతుంది. గాలికి ఆ గుడ్డు దొర్లిపోకుండా ఎలా నిలుస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. గోరింక ఉన్న చోట అది నిలవదు.

గోరింకల్ని పట్టే బోను చాలా సాదా. వైరు పంజరం, లోపల బొప్పాయి ముక్కలు, మధ్య అరలో ఒక బతికున్న గోరింక. దాన్ని చూసి, దాని కూత విని మిగతావి వస్తాయి. యాదగిరన్న చూడగానే గుర్తుపట్టాడు. తన చిన్నప్పుడు వాళ్ళ వైపు కౌజు పిట్టల్ని ఇలాగే పట్టేవారట, లోపల పెట్టే పిట్టని దీమం అంటారట. ఈ దీమం పేరు మిస్యే. అంటే వాళ్ళ భాషలో అయ్యగారు. రాజధాని ఉన్న పెద్ద దీవి నుంచి తెచ్చిన మగ గోరింక. ఎండ పడకుండా దానికి తాటాకు నీడ, రోజూ మంచినీళ్ళు, స్నానానికి ఒక మూకుడు. మారీ అక్క తన కాఫీ కన్నా ముందు దాని బొప్పాయి కోసేది. దారిన పోతూ పలకరిస్తే, అది తల పక్కకి వాల్చి అక్షరాలా "బోంజూర్" అనేది.

ఆమె ఆ పని మొదలుపెట్టినప్పుడు దీవి నిండా గోరింకలేనట. ఏళ్ళ తరబడి పట్టగా పట్టగా, మేం వెళ్ళేసరికి ఒక జంట మిగిలింది. ఆ రెండిటికీ అన్నీ తెలుసు. బోను తెలుసు, మిస్యే తెలుసు, ఎయిర్ గన్ తెలుసు, మారీ అక్క చొక్కా రంగు కూడా తెలుసు. ఆమె కొత్త రంగు చొక్కా వేసుకొస్తే మొదటి రోజు మాత్రం దగ్గరికి రానిస్తాయట. అందుకే ఆమె పెట్టెలో అన్ని మగ చొక్కాలు.

మీ ఊళ్ళో వీటిని ఏమంటారని అడిగింది. గోరింక అని చెప్పి, మా వైపు కొత్త దంపతులు చక్కగా ఉంటే చిలకా గోరింకల్లా ఉన్నారంటాం అన్నాను. మారీ అక్క చేతిలో కత్తి పక్కన పెట్టి మరీ నవ్వింది. పంజరాల్లోంచి తప్పించుకున్న మన పచ్చ చిలకలు పెద్ద దీవి మీద పెరిగిపోతే, అక్కడి నల్ల చిలకల కోసం వాటిని కూడా పూర్తిగా తీసేశారట. మీ పెళ్ళివారిని మొత్తం మేమే సాగనంపాం అంది. నేనూ నవ్వాను గానీ, మనసులో ఎక్కడో చివుక్కుమంది. మన ఇళ్ళ సంగతి కూడా చెప్పాను: జూబ్లీహిల్స్ అపార్ట్‌మెంట్లలో పావురాలు రాకుండా బాల్కనీలన్నిటికీ వలలు, అక్కడి నుంచి కాస్త దూరం పోతే అవే పావురాలకి పుణ్యం కోసం జొన్నలు చల్లే జనం. ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కూడా కావచ్చు అన్నాను. అది ఆమెకి ఎంత చెప్పినా అర్థం కాలేదు.

వేవ్ గూడు

మిగిలింది జంటే కదా, వదిలేయొచ్చు కదా అని యాదగిరన్న అడిగించాడు. మారీ అక్క మమ్మల్ని అడవిలోకి తీసుకెళ్ళింది.

అడవి అంటే మనకి తెలిసిన చెట్లే. పొన్న, బాదం, ఒడ్డున సరుగుడు. కొమ్మలు మాత్రం మన చెట్లకి లేని బరువుతో ఇసుక దాకా వంగి ఉన్నాయి. దారికి అడ్డంగా ఒక తాబేలు పడుకుని ఉంది, మన స్కూటరంత. తాబేలుకి దారి వదలడం అక్కడి ఆచారం. అది లేచేదాకా మేం ముగ్గురం ఎదురుగా కూర్చున్నాం. లేస్తూ లేస్తూ అది నా హెడ్‌ఫోన్ తీగని ఆకనుకుని నోట పెట్టుకుంది. లాగుతుంటే వదల్లేదు. మారీ అక్క దాని మెడ కింద గోకితే ఆనందంగా నోరు తెరిచింది. తీగ మీద ఆ పళ్ళు లేని నోటి గుర్తు ఇప్పటికీ ఉంది. పని మాత్రం చేస్తోంది.

బాదం కొమ్మ చివర, దారికి పైనే, గూడు వేలాడుతోంది. టీ కప్పుకన్నా చిన్నది, సాలెపట్టుతో అల్లింది. అందులో ఒక తల్లి పిట్ట, ఇటుక రంగు వీపు, నల్ల తల. కాసేపటికి మగది వచ్చింది. నిలువెల్లా నల్లగా, ఎండ పడ్డ చోట నీలంగా మెరుస్తూ, ఒంటికి రెండింతలు పొడవు తోక. ఆ నల్లదనం వల్లే ఆ పిట్టకి "వేవ్" అని పేరు. విధవ అని అర్థమట. మన తోక పిగిలిపిట్టకి చుట్టం. లోకం మొత్తంలో ఈ దీవుల గుంపులోనే ఉన్న పిట్ట అది. వేరే దీవి నుంచి కొన్నిటిని ఇక్కడికి తెచ్చి పెంచుతున్నారు. ఈతకి ఒకటే గుడ్డు. ఇదే జంట పెట్టిన ముందటి గుడ్డు పెంకుని మారీ అక్క ఇదే చెట్టు కింద ఏరుకుంది. ఇప్పుడు గూట్లో పిల్ల ఉంది, రెండు రోజులది. అడవిలో ఈ మూల ఆ గోరింకల జంట తమదనుకున్న మూల.

యాదగిరన్న కెమెరా దించాడు. తర్వాత నాతో మెల్లగా, "ఆటి తప్పేముంది చెల్లె, తెచ్చినోళ్ళది గాని" అన్నాడు. అనువాదం చేశాను.

"నిజమే," అంది మారీ అక్క. "తెచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. ఉన్నది నేను."

టీ వేళ

ఆ జంటని రప్పించడానికి ఆమె దగ్గర ఒక స్పీకర్ ఉంది. పరాయి గోరింక కూత వినిపిస్తే తమ చోటులోకి ఎవరో వచ్చారని తరమడానికి వస్తాయి. పెద్ద దీవిలో రికార్డు చేసిన కూతలు వేసేది. మొదట్లో వచ్చేవట. విని విని, అది పిట్ట కాదని తెలిసిపోయి రావడం మానేశాయి.

ఒక సాయంత్రం వంటింటి ముందు టీ తాగుతున్నాం. అన్నంలోకి ఆక్టోపస్ కూర తిని తిని యాదగిరన్నకి ఇంటి మీదికి గాలి మళ్ళింది. ఏదైనా మనూరి చప్పుడు వినిపించు అన్నాడు. నా రికార్డరులో ఫిలింనగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్ వెనక గోడ దగ్గర తీసిన ఉదయం ఒకటుంది. దాన్ని బయటికి వినిపించాను. దూరంగా ఆటో, ఎవరో వాకిట్లో నీళ్ళు చల్లడం, తర్వాత గోడ మీద గోరింకలు. తరచుగా వాడే ముక్క అది.

ఆ గోరింకలు నాలుగు కూతలు కూశాయో లేదో వంటింటి కప్పు మీద రెక్కల చప్పుడైంది. అన్ని రోజులూ దూరం నుంచి చూసిన జంట, మా తలల మీద, మెడలు నిక్కించి, ఈకలు పొంగించి, నా చేతిలోని డబ్బా వైపు చూస్తున్నాయి. నేను ఆపేశాను. అవి కాసేపు వెతికి వెళ్ళిపోయాయి.

మారీ అక్క కప్పు కింద పెట్టి నా వైపు చూసింది. ఆమె ఏమడుగుతుందో నాకు అర్థమైంది. ఆమె అడిగింది కూడా, చాలా మర్యాదగా. యాదగిరన్నకి చెప్పాను. ఆయన లేచి నిలబడ్డాడు.

"గిదేంది చెల్లె. మన పిట్ట గొంతుతోని పిలిచి పిట్టల్ని సంపుడా? నేనైతే కెమెరా పట్ట."

నాకూ చేతులు రాలేదు. ఆ గోడ మీది గోరింకలు నాకు ముఖపరిచయం ఉన్నవి. తెల్లవారుతూనే వాటి కోసం మైకు పట్టుకుని వెళ్తే, ఒకటి నా చెప్పు మీదికొచ్చి వాలిన రోజు కూడా ఉంది. ఆలోచించుకోనివ్వు అక్కా అన్నాను. ఆమె తలూపింది. "మీ పిట్ట, మీ ఇష్టం" అని లేచి మిస్యే నీళ్ళు మార్చడానికి వెళ్ళింది. ఆ సాయంత్రం నుంచి ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆదివారం

దీవి మీద తెల్ల సున్నం వేసిన చిన్న క్యాథలిక్ గుడి ఉంది, నాలుగు బల్లలు పట్టేంత. ఫాదరు లేడు, మారీ అక్కే వాక్యం చదివింది. మాది వేరే సంఘమైనా వెళ్ళి కూర్చున్నాను. వాళ్ళు ఎత్తుకున్న పాట రాగం మా చర్చిలో పాడేదే. మాటలు వాళ్ళవి. నేను తెలుగులో గొంతు కలిపాను, ఎవరికీ అడ్డం కాలేదు. ప్రార్థనలో ఆమె ఏదో చాలాసేపు చెప్పింది. తర్వాత అడిగితే, పట్టిన ప్రతి పిట్ట కోసం ఆదివారం క్షమాపణ అడుగుతాను అంది. వేవ్ పిల్ల కోసం కూడా అడిగిందట.

గుడి నుంచి నేనొక్కదాన్నే మైకు తీసుకుని బాదం చెట్టు వైపు వెళ్ళాను, పిల్ల కూత రికార్డు చేద్దామని. దగ్గరికి రాకముందే హెడ్‌ఫోన్లలో గొడవ వినిపించింది. గోరింక ఒకటి గూడు అంచు పట్టుకుని వేలాడుతూ అల్లికని లాగుతోంది. రెండోది పై కొమ్మ మీద. తల్లి వేవ్ గాలిలో కొట్టుకుంటూ అరుస్తోంది. మగది, ఆ పొడుగు తోకతోనే, మళ్ళీ మళ్ళీ వచ్చి గోరింక వీపు మీద పొడుస్తోంది. అది పట్టించుకోవడం లేదు. గూడు ఒక పక్కకి ఒరిగింది. అంచు మీద నుంచి పిల్ల తల కనబడింది, ఈకలు రాని తల, తెరిచిన నోరు.

నేను మైకు తగిలించిన పొడుగాటి బూమ్ కర్ర పైకెత్తి, చివర బొచ్చు తొడుగుతో సహా తిప్పుతూ, ఏం అరిచానో గుర్తులేదు గానీ పరుగెత్తాను. వేరు తగిలి బోర్లా పడ్డాను. కర్ర ఇసుకలో దిగబడింది. నా అరుపుకి గోరింకలు లేచి నాలుగు చెట్ల అవతల వాలాయి. పోలేదు. నేను వెళ్ళేదాకా కాచుకుని ఉన్నాయి.

కేకలు విని మారీ అక్క ఎయిర్ గన్‌తో వచ్చింది, వెనకే యాదగిరన్న. ఆమె ముందు గూడు చూసింది. చేతులు పైకి చాపి ఒరిగిన అంచుని ఒక ఆకు ఈనెతో కొమ్మకి కట్టింది. అంతసేపూ మగ వేవ్ ఆమె చేతి మీద పొడుస్తూనే ఉంది. కట్టడం అయ్యాక నా మోకాలి మీద ఇసుక దులిపింది. నేనే రికార్డరు బయటికి తీసి, ఎక్కడ పెట్టమంటావు అక్కా అని అడిగాను.

పొన్న చెట్టు మొదట్లో పెట్టమంది. తాను గన్ అందుకుని వెనక్కి తగ్గింది. నేను మీట నొక్కాను. ఆటో పోయింది, నీళ్ళు చల్లారు, ఫిలింనగర్ గోడ మీద గోరింకలు పలికాయి. ఆ రెండూ సూటిగా వచ్చాయి. ఎయిర్ గన్ చప్పుడు సినిమాలో మేం పెట్టేలా ఉండదు. సీసా మూత తీసినట్టు, అంతే. ఒకటి పడింది. రెండోది సముద్రం వైపు ఎగిరిపోయింది.

రెండోసారి

మొదటిసారి కోపంలో నొక్కాను. రెండోసారికి కోపం లేదు. మిగిలిన గోరింక ఆ మర్నాడు పొద్దున్నుంచీ జంట కోసం పిలుస్తూ తిరిగింది, బోను దగ్గరికి, వంటింటి మీదికి, గుడి కప్పు మీదికి. మిస్యే దానికి బదులు పలుకుతూనే ఉంది. యాదగిరన్న చెవులు మూసుకుని కూర్చున్నాడు. ఇక ఇది ఒంటరిదే కదా, పిల్లల్ని పెట్టలేదు కదా అన్నాను మారీ అక్కతో. పెట్టలేదు, కానీ గుడ్లు తింటుంది, ఇంకా చాలా ఏళ్ళు బతుకుతుంది అంది. తర్వాత నా పక్కన కూర్చుని, ఈసారి నువ్వు నొక్కనక్కర్లేదు, నాకు నేర్పు, నేనే నొక్కుతాను అంది.

ఆమె గన్ పట్టుకోవాలి, మీటా నొక్కాలి. రెండూ ఒక్క మనిషి మీద పెట్టడం నాకు బాగోలేదు. నేనే నొక్కాను.

ఈసారి అది తరమడానికి వచ్చినట్టు రాలేదు. మెల్లగా, కొమ్మ మీద నుంచి కొమ్మ మీదికి, కిందికి దిగి, రికార్డరుకి దగ్గరగా ఇసుక మీద నిలబడి తల వాల్చి వింది. నేను చూపు తిప్పుకోలేదు. చూడాలనిపించింది.

మారీ అక్క ఇంకా వెచ్చగా ఉన్న పిట్టని రెండు చేతుల్లోకి తీసుకుని రెక్కలు సర్ది, వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. పొన్న చెట్టు కింద ముందు రోజు చనిపోయినదాన్ని పెట్టిన చోటే గొయ్యి తవ్వింది యాదగిరన్న. కెమెరా నడవలేదు. మా సినిమాలో ఆ దృశ్యం లేదు. కంపెనీవాళ్ళు తర్వాత ఎందుకు తీయలేదని అడిగితే, బ్యాటరీ అయిపోయిందని ఆయనే చెప్పాడు.

బయలుదేరిన పొద్దు

మేమున్న చివరి రోజుల్లో పిల్ల గూడు దాటింది. తోక లేదు, ఎగరడం రాదు, నోరు మాత్రం పెద్దది. కొమ్మ మీద కూర్చుని అరుస్తుంటే తల్లీ తండ్రీ వంతులవారీగా పురుగులు తెచ్చి కుక్కేవి. యాదగిరన్న కెమెరా దాని మీద నుంచి తిప్పితే ఒట్టు.

మారీ అక్క ఇంకా కొన్నాళ్ళు దీవంతా తిరిగి చూడాలి, ఎక్కడైనా ఇంకో గోరింక మిగిలిందేమోనని. అది తేలాక మిస్యేని పెద్ద దీవికి, వాళ్ళ అమ్మ ఇంటికి తీసుకెళ్తుందట. అక్కడ ఎటూ గోరింకలే, ఇదొకటి ఎక్కువైతే ఏం అంది. వాళ్ళమ్మకి చెవులు సరిగా వినపడవు, గట్టిగా బోంజూర్ చెప్పేవాళ్ళు కావాలట.

బయలుదేరే పొద్దున, పడవ రాకముందు, దీవి చప్పుడు ఒకసారి శుభ్రంగా రికార్డు చేసుకుంటానని అడిగాను. ఆమె మిస్యే పంజరాన్ని తానే మోసుకెళ్ళి అవతలి ఒడ్డున సామాన్ల గదిలో పెట్టి, గుడ్డ కప్పి వచ్చింది. ముగ్గురం బాదం చెట్టు కింద నిలబడ్డాం. నేను మీట నొక్కాను. సరుగుడు చెట్ల మీద గాలి. రెండు వైపులా సముద్రం, ఒక వైపు లోతుగా, ఒక వైపు పల్చగా. తెల్ల పిట్టలు గొంతులోనే మాట్లాడుకోవడం. తాబేలు ఎండుటాకుల మీద కాలు మార్చడం. వీటన్నిటి మధ్య ఆకలి వేసిన వేవ్ పిల్ల.

చాలినంత తీసుకున్నాక హెడ్‌ఫోన్లు మారీ అక్క తలకి పెట్టాను. జడ అడ్డొస్తే సర్దాను. ఆమె కళ్ళు మూసుకుంది. కాసేపు విని, ఒక చెవి మీది డిప్ప ఎత్తి, యంత్రం పని చేస్తోందా అని అడిగింది. చేస్తోంది అన్నాను.

"అయితే ఇదేనా?" అంది. "నేను పుట్టిన చోటు ఇలా ఉంటుందా?"

అప్పుడు అర్థమైంది నాకు. ఆమె పుట్టేనాటికే అక్కడ గోరింకలున్నాయి. వాళ్ళమ్మ పుట్టేనాటికీ ఉన్నాయి. వాటి గొంతు లేకుండా ఆ దీవిని ఆ ఇంట్లో ఎవరూ విని ఉండరు.

డిప్పని మళ్ళీ చెవి మీదికి దింపుకుని, రెండు చేతులతో గట్టిగా అదుముకుంది. ఒడ్డు నుంచి పడవవాడు కేక వేశాడు. యాదగిరన్న సామాన్లు భుజానికెత్తుకున్నాడు. కాసేపటికి పడవవాడు మళ్ళీ పిలిచాడు. ఆమె కళ్ళు తెరవకుండానే, మా వైపు చెయ్యి చాపి ఆగమంది.